మీలో ఎవరు కోటీశ్వరుడు: కేబుల్ ఆఫీసులో తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు పాతబస్తీలో ఇరవై ఏళ్లకు పైగా కేబుల్ కనెక్షన్లు ఇచ్చినవాణ్ణి. డబ్బులు వసూలుకు పోయినప్పుడల్లా బిల్లు గురించి ఒక ప్రశ్న, 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అనే ఈ టీవీ క్విజ్ ఆట గురించి రెండు ప్రశ్నలు వేసేవాళ్లు జనం. కనెక్షన్లు వేరేవాళ్లకు అప్పజెప్పినా ప్రశ్నలు మాత్రం ఆగలేదు. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు నంద్యాల పోయే పిల్లలు అడుగుతారు, వాళ్ల నాయనలు అడుగుతారు. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పేది? అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

'మీలో ఎవరు కోటీశ్వరుడు', 'ఎవరు మీలో కోటీశ్వరులు' రెండూ ఒకటేనా?

ఆట ఒకటే. ఛానల్ వేరు, పేరు వేరు, అడిగే మనిషి వేరు.

'మీలో ఎవరు కోటీశ్వరుడు' 'మా టీవీ' అనే ఛానల్‌లో వచ్చింది. మొదటి మూడు సీజన్లు నాగార్జున నడిపారు, నాలుగోది చిరంజీవి. 'ఎవరు మీలో కోటీశ్వరులు' 2021లో జెమిని టీవీలో వచ్చింది, జూనియర్ ఎన్టీఆర్ నడిపారు. కొందరు దాన్ని ఐదో సీజన్ అంటారు, కొందరు కొత్త షో మొదటి సీజన్ అంటారు. ఆటను బట్టి లెక్కేస్తే ఐదు, ఛానల్‌ను బట్టి లెక్కేస్తే నాలుగు, ఒకటి. నేను కేబుల్‌వాణ్ణి కాబట్టి ఛానల్‌ను బట్టే లెక్కేస్తా.

పేరులో మాటలు అటూ ఇటూ మారడం కంటే నాకు నచ్చిన మార్పు చివరి అక్షరాల్లో ఉంది. 'కోటీశ్వరుడు' అంటే ఒక్కడు, అదీ మగవాడు. 'కోటీశ్వరులు' అంటే ఆడామగా అందరూ వస్తారు. హాట్ సీట్‌లో, అంటే ఆడేవాళ్ల కుర్చీలో, ఎంతమంది ఆడవాళ్లు కూర్చున్నా, 2014 నుంచి 2017 దాకా పైన బోర్డు మీద 'డు' అనే ఉండేది. మా ఇంట్లో ఈ సంగతి ముందు పట్టుకుంది మా ఆవిడ, నేను కాదు.

తెలుగులో ఎప్పుడు మొదలైంది?

2014 జూన్ 9, సోమవారం.

ఆ తేదీని ఊరికే బట్టీ పట్టకండి, దాని చుట్టూ ఏం జరిగిందో చూడండి. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. జూన్ 8న చంద్రబాబు నాయుడు విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ మర్నాటి రాత్రే ఈ ఆట మొదలైంది. వారం వయసున్న రెండు రాష్ట్రాలు ఒకే టీవీ ముందు కూర్చున్నాయన్నమాట. 'మన రాష్ట్రంలో పొడవైన నది ఏది' లాంటి ప్రశ్న అడగాలంటే ముందు ఏ రాష్ట్రమో చెప్పాల్సి వచ్చిన రోజులవి. అప్పట్లో మా ఆఫీసు ముందర బెంచీ మీద చర్చ అంతా రాజధాని ఎక్కడ పెడతారని. కర్నూలువాళ్లకు ఆ మాట వింటేనే గుండెలో ఒక పాత ముల్లు కదులుతుంది. ఆ సంగతి కింద వస్తుంది.

అంతకుముందు ఈ ఆట మనకు తెలియదా?

తెలియకపోవడమేంది! తెలుగులో రాకముందే కర్నూలు వీధుల్లో పద్నాలుగేళ్లు తిరిగింది, హిందీలో.

2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలుపెట్టారు. సోమవారం నుంచి గురువారం దాకా, రాత్రి తొమ్మిదికి. అప్పుడు నా కంట్రోల్ రూమ్ ఒక మిద్దె మీద రేకుల గది. బయట నాలుగు పెద్ద డిష్‌లు, లోపల రిసీవర్లు, ఒక్కో ఛానల్‌కు ఒక్కో మాడ్యులేటర్. వేసవిలో ఆ గదిలో కూర్చుంటే జొన్నరొట్టె కాల్చుకోవచ్చు. స్టార్ ప్లస్ అప్పటిదాకా మా దగ్గర పెద్దగా ఎవరూ పట్టించుకోని ఛానల్. ఎక్కడో చివరి నంబర్లో పడేసి ఉంచా, బొమ్మలో కాస్త ఇసుక కూడా రాలుతుండేది. జూలై రెండో వారానికి ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, ఆ బచ్చన్ ఛానల్ సరిగ్గా రాలేదు, తొమ్మిదికల్లా బాగు చెయ్." తొమ్మిదికి ముందు తీగలు పట్టుకుని గోడలెక్కిన రోజులు చాలా ఉన్నాయి.

మా ఊరికి ఒక సౌకర్యం ఉంది. పాతబస్తీలో సగం ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు. అమితాబ్ హిందీ వాళ్లకు నేరుగా ఎక్కుతుంది. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు పక్కింట్లో చేరేవాళ్లు. అక్కడ ఒక పెద్దాయన ప్రశ్నను ఉర్దూలో విని, మన తెలుగులో చెప్పి, జవాబు కూడా తనే చెప్పేసేవాడు. తప్పు చెప్పినా అదే గంభీరంగా చెప్పేవాడు. "ఆప్షన్ సీ, రాసి పెట్టుకోండి" అని. తెలుగులో ఈ ఆటను మొదట నడిపింది నాగార్జున కాదు, ఆ పెద్దాయనే అని నా వాదన.

కోటి రూపాయలు మొదట గెలిచిన హర్షవర్ధన్ నవాథే భాగం కూడా 2000లోనే వచ్చింది. ఆ రాత్రి మా వీధిలో మనుషుల్లేరు. 2005లో రెండో విడత, బహుమతి రెండు కోట్లు. 2007లో షారుఖ్ ఖాన్ నడిపారు. 2010లో అమితాబ్ తిరిగొచ్చారు, అయితే ఈసారి సోనీలో. 2011లో బీహార్‌కు చెందిన సుశీల్ కుమార్ ఐదు కోట్లు గెలిచారు.

ఈ రెండింటి మధ్య, 2007కూ 2010కీ నడుమ, నా సొంత విరామం ఒకటుంది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర మా ఊళ్లోకి వచ్చింది. నీళ్లు మొదటి అంతస్తులు ముంచేశాయి. మిద్దె మీది గది దక్కింది కానీ వీధుల్లోని ఆంప్లిఫయర్లు, తీగలు, జనం ఇళ్లలోని టీవీలు అన్నీ బురదపాలయ్యాయి. కనెక్షన్ ఇవ్వాలంటే ముందు ఇంట్లో టీవీ ఉండాలి కదా. నా పుస్తకంలో ఆ ఏడాది చివరి మూడు నెలల పేజీలు ఖాళీ. అమితాబ్ సోనీలో తిరిగి కనబడేసరికి మా వీధిలో చాలా ఇళ్లలో కొత్త టీవీలే ఉన్నాయి, వాయిదాల మీద తెచ్చినవి.

అసలు ఈ ఆలోచన ఎవరిది? అమితాబ్‌దా?

కాదు, ఇంగ్లండుది. 1998 సెప్టెంబర్ 4న అక్కడి ఐటీవీలో క్రిస్ టారంట్ అనే ఆయన మొదలుపెట్టారు. డేవిడ్ బ్రిగ్స్, మైక్ వైట్‌హిల్, స్టీవెన్ నైట్ అనే ముగ్గురు తయారుచేశారు. సెలడార్ కంపెనీ తీసింది. ఆ గుండె దడ పుట్టించే సంగీతం కీత్ స్ట్రాకన్, మాథ్యూ స్ట్రాకన్ అనే తండ్రీకొడుకులది. ఇంగ్లండులో మొదటి పూర్తి బహుమతి గెలవడానికి రెండేళ్లు పట్టింది. 2000 నవంబర్‌లో జూడిత్ కెప్పెల్ అనే ఆవిడ గెలిచారు. అంటే ఇంగ్లండు కంటే మనవాళ్లకే ముందు పడింది. హక్కులు చేతులు మారి 2008లో సోనీకి చేరాయి.

పక్క రాష్ట్రాలకు ముందే వచ్చిందట కదా?

అవును. 2012లో తమిళంలో సూర్య స్టార్ విజయ్‌లో, కన్నడంలో పునీత్ రాజ్‌కుమార్ సువర్ణలో, మలయాళంలో సురేష్ గోపి ఏషియానెట్‌లో నడిపారు. అంతకుముందే 2011లో బెంగాలీలో సౌరవ్ గంగూలీ, భోజ్‌పురిలో శత్రుఘ్న సిన్హా చేశారు. తెలుగు వరసలో వెనక నిలబడింది.

ఈ ప్రశ్న ఎక్కువగా అడిగేది అనంతపురం వైపువాళ్లు. హిందూపురం, మడకశిర, రాయదుర్గం, ఇటు మా ఆదోని పక్క, కన్నడ ఛానల్ లేని కేబుల్‌ను ఎవరూ తీసుకోరు. అక్కడివాళ్లు 2012లోనే 'కన్నడద కోట్యాధిపతి' చూసేశారు. 2014లో నాగార్జున వచ్చినప్పుడు హిందూపురంలో కేబుల్ నడిపే నా స్నేహితుడు ఒకడు "మీకు ఇప్పుడొచ్చిందా, మాకు పాతబడిపోయింది" అని దెప్పాడు. రెండు భాషల సరిహద్దులో ఉన్నవాడికి పండగలు కూడా రెండు.

నాగార్జునే ఎందుకు, ఆ తర్వాత చిరంజీవే ఎందుకు?

మా టీవీలో నాగార్జునకూ, చిరంజీవికీ ఇద్దరికీ వాటాలు ఉండేవి. ఛానల్‌లో డబ్బు పెట్టినవాళ్లలో ఒకడు తెర మీద కూర్చున్నాడు అనుకోండి. నాగార్జునకు ఈ ఆట సరిపోయింది. ఎదుటివాణ్ణి కంగారు పెట్టకుండా, నవ్వుతూ, ఊరి సంగతులు అడుగుతూ నడిపారు. మొదటి సీజన్ 2014 ఆగస్టులో ముగిసింది. చిరంజీవి అందులో అతిథిగా హాట్ సీట్‌లో కూర్చున్నారు. రెండో సీజన్ అదే ఏడు డిసెంబర్‌లో మొదలైంది, మూడోది 2015 చివర్లో.

2017 ఫిబ్రవరిలో చిరంజీవి అవతలి కుర్చీలోకి మారారు. సంక్రాంతికి ఆయన సినిమా వచ్చి నెల రోజులైంది, పదేళ్ల తర్వాత హీరోగా తిరిగొచ్చిన వేడి ఇంకా తగ్గలేదు. జనం ఆట చూశారా, ఆయన్ను చూశారా అంటే, మా వీధి మట్టుకు ఆయన్నే చూసింది. నిజం చెప్పాలంటే ఆటగా నాకు మొదటి రెండు సీజన్లే ఎక్కువ ఇష్టం. ఇది రాసినందుకు ఇద్దరు పాత కస్టమర్లు నాతో మాట్లాడరు, నాకు తెలుసు.

మా టీవీ, స్టార్ మా అయ్యాక ఏం మారింది?

2015లో స్టార్ ఇండియా మా టీవీని కొంటున్నట్టు ప్రకటించింది. 2017 ఫిబ్రవరిలో, అంటే చిరంజీవి సీజన్ వచ్చిన నెలలోనే, పేరు 'స్టార్ మా' అయింది. కాబట్టి మొదటి మూడు సీజన్లు 'మా'లో, నాలుగోది 'స్టార్ మా'లో. క్విజ్‌లో ఎవరైనా ఈ మెలిక వేస్తే పడిపోకండి.

తెర ఇవతల ఇంకో మార్పు జరిగింది, దాన్ని ఎవరూ అడగరు, నేనే చెబుతా. 2014లో నాగార్జునను మా ఊరు పాత పద్ధతిలోనే చూసింది. తీగ నేరుగా టీవీకి గుచ్చితే బొమ్మ వచ్చేది. కేబుల్‌ను డిజిటల్ చేయాలన్న చట్టం ప్రకారం చిన్న పట్టణాలకు 2015 డిసెంబర్ గడువు పెట్టారు. మూడో సీజన్ నడుస్తుండగానే మేము ఇంటింటికీ సెట్ టాప్ బాక్సులు మోసుకు తిరిగాం. "ఈ డబ్బా పెడితేనే నాగార్జున వస్తాడా?" అని ఒక అవ్వ అడిగింది. అవునవ్వా అన్నా. "మరి డబ్బా లేనప్పుడు యాడినుంచి వచ్చినాడు?" అంది. దానికి నా దగ్గర ఏ లైఫ్‌లైనూ లేదు.

2017 నుంచి 2021 దాకా ఏమైంది?

తెలుగులో రాలేదు. ఆ ఖాళీలో తెలుగు టీవీ బిగ్ బాస్ వైపు తిరిగింది. 2017 జూలైలో స్టార్ మాలో అది మొదలైంది. తమాషా ఏంటంటే దాని మొదటి సీజన్ నడిపింది జూనియర్ ఎన్టీఆర్, 2019లో మూడో సీజన్ నుంచి నడుపుతున్నది నాగార్జున. అంటే కోటీశ్వరుడి కుర్చీ ఎన్టీఆర్‌కు, బిగ్ బాస్ కుర్చీ నాగార్జునకు. కుర్చీలు మార్చుకున్నట్టయింది.

జెమినికి మారినప్పుడు చాలామంది మొదటి వారం చూడలేకపోయారు. ఎందుకు?

ఇది అచ్చంగా కేబుల్‌వాడి ప్రశ్న, తీరిగ్గా చెబుతా.

2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్, అంటే కేబుల్, ఫోన్ల మీద నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ, కొత్త ధరల పద్ధతి వచ్చింది. అంతకుముందు నెలకింత అని కడితే అన్నీ వచ్చేవి. ఆ తర్వాత ఏ ఛానల్ కావాలో ఎంచుకుని దాని ధర కట్టాలి. స్టార్ మా, జెమిని రెండూ డబ్బు కట్టాల్సిన ఛానళ్లే. ఖర్చు తగ్గించుకుందామని మా దగ్గర చాలా ఇళ్లలో స్టార్ ప్యాక్ ఉంచుకుని జెమిని తీసేశారు. సీరియళ్లు అక్కడే చూస్తున్నారు మరి. 2021 ఆగస్టు 22 ఆదివారం రాత్రి ఎన్టీఆర్ షో మొదలు, రామ్ చరణ్ అతిథి. మర్నాటి నుంచి సోమవారం మొదలు గురువారం దాకా రాత్రి ఎనిమిదిన్నరకు.

ఆ ఆదివారం సాయంత్రం నా ఫోన్ ఊరుకోలేదు. "భాయ్, ఎన్టీఆర్ రాలేదు." రిమోట్‌లో స్టార్ మా పెట్టుకుని కూర్చున్నారు! నాలుగు సీజన్లు అక్కడే చూసిన అలవాటు. అక్కడ లేదు, జెమినిలో వస్తుంది అంటే, "మాకు జెమిని లేదే" అని. ప్యాక్ మార్చి యాక్టివేట్ అయ్యేసరికి ఆలస్యమైంది. వాళ్లు నన్ను తిట్టుకున్నారు, నేను ట్రాయ్‌ను తిట్టుకున్నా.

రెండు వారాలకు, సెప్టెంబర్ 5న, స్టార్ మాలో నాగార్జున బిగ్ బాస్ ఐదో సీజన్ మొదలైంది. దాంతో ఇళ్లలో రిమోట్ కోసం కొట్లాటలు. మా మేనకోడలి ఇంట్లో రాజీ కుదిరింది: ఎనిమిదిన్నర నుంచి ఎన్టీఆర్, ఆ తర్వాత ఎవరి ఇష్టం వాళ్లది.

తెలుగులో కోటి ఎవరైనా గెలిచారా?

గెలిచారు, ఒక్కరు. 2021 నవంబర్‌లో ప్రసారమైన భాగాల్లో తెలంగాణ పోలీసు శాఖలో పనిచేసే ఒక ఎస్సై పదిహేను ప్రశ్నలూ దాటారు. అంతకుముందు నాలుగు సీజన్లలో ఎవరూ కోటి దాకా పోలేదు. సినిమావాళ్లలో రామ్ చరణ్, ఆ తర్వాత డిసెంబర్‌లో అతిథిగా వచ్చిన మహేశ్‌బాబు ఇద్దరూ 25 లక్షల దగ్గర ఆగారు.

కోటి గెలిస్తే కోటీ ఇస్తారా?

ఇవ్వరు. ఆటల్లో గెలిచిన డబ్బు మీద ఆదాయపు పన్ను 30 శాతం, అదీ చెక్కు ఇచ్చే ముందే కోసేస్తారు. అంటే చేతికి వచ్చేది 70 లక్షలు. కథ అక్కడా ఆగదు. ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జి, మొత్తం మీద 4 శాతం సెస్సు. వేరే సంపాదన ఏమీ లేదనుకుంటే 30 లక్షలకు 3 లక్షలు కలిపి 33, దాని మీద సెస్సు 1 లక్షా 32 వేలు. మొత్తం 34 లక్షల 32 వేలు. మిగిలేది 65 లక్షల 68 వేలు. ఖర్చులు చూపించి తగ్గించుకోవడానికి కుదరదు, అందరికీ ఉండే మామూలు పన్ను మినహాయింపు పరిమితి కూడా ఈ డబ్బుకు వర్తించదు.

3,20,000 గెలిచినవాడికి 96,000 ముందే పోతుంది. "హైదరాబాదు పోయి వచ్చిన చార్జీలన్నా తీసేసుకోవచ్చు కదా" అని అడిగాడు మా వీధి టైలర్. కుదరదప్పా.

ఎక్కడ ఆగాలి, ఎక్కడ తెగించాలి?

ఇది ప్రసార చరిత్ర కాదు కానీ, కోచింగ్ పిల్లలు వదలరు. బహుమతుల నిచ్చెన ఇలా ఉండేది: 1,000, 2,000, 3,000, 5,000, 10,000. అక్కడ మొదటి మెట్టు గట్టిపడుతుంది, అంటే ఆపైన తప్పు చెప్పినా ఆ డబ్బు పోదు. తర్వాత 20,000, 40,000, 80,000, 1,60,000, 3,20,000. అక్కడ రెండో మెట్టు. ఆపైన 6,40,000, 12,50,000, 25 లక్షలు, 50 లక్షలు, కోటి. ఐదో ప్రశ్న నుంచి ప్రతిసారీ రెట్టింపవుతూ పోయే లెక్క పన్నెండో ప్రశ్న దగ్గర తప్పుతుంది. 12,80,000 కావాల్సింది 12,50,000 అయింది. అక్కడ ముప్పై వేలు కొరుక్కుంటేనే పైన కోటి సరిగ్గా కుదురుతుంది. 2000లో అమితాబ్ మొదలుపెట్టిన నిచ్చెన కూడా ఇదే.

పదో ప్రశ్న దాటినవాడు పదకొండో ప్రశ్నకు ఎంత తెలియకపోయినా గుడ్డిగా చెప్పొచ్చు. తప్పైనా 3,20,000 ఎక్కడికీ పోదు. చాలామంది అక్కడ కూడా ఆగి ఆలోచించి చెమటలు పట్టించుకునేవాళ్లు, మేము బెంచీ మీద నుంచి అరిచేవాళ్లం. పద్నాలుగో ప్రశ్న వేరు. చేతిలో 25 లక్షలున్నాయి. ఒప్పైతే 50, తప్పైతే నేరుగా 3,20,000. రెండు జవాబుల మధ్య ఊగుతున్నవాడికి లెక్క ప్రకారం తెగించడమే కాస్త లాభం, సగటున 26 లక్షల 60 వేలు. కానీ సగటు అనేది వందసార్లు ఆడేవాడికి. మనకు ఒక్కసారే ఆ కుర్చీ. కూతురి పెళ్లి పెట్టుకున్నవాడు ఆగితే నేను తప్పు పట్టను.

పాత భాగాలు చూసి పరీక్షలకు చదువుకోవచ్చా?

చదువుకోండి, కానీ భాగం ఏ తేదీన వచ్చిందో ముందు చూడండి. ఈ ప్రశ్నకు నేను పెద్ద జవాబు చెబుతా, ఎందుకంటే మన జిల్లాల పిల్లలే దీనికి ఎక్కువ బలవుతారు.

బెలుం గుహలు ఏ జిల్లాలో ఉన్నాయి? 2021లో కర్నూలు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, ఆ రోజు నుంచి నంద్యాల. శ్రీశైలం, అహోబిలం, మహానంది అన్నీ అటే పోయాయి. మంత్రాలయం మాత్రం మాకు మిగిలింది. లేపాక్షి వేలాడే స్తంభం, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను, పుట్టపర్తి అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాకు చేరాయి. ఒక్క రాత్రిలో, ఎవరూ కదలకుండానే. చిన్నప్పటి నుంచి 'అనంతపురం జిల్లా లేపాక్షి' అని నోటికొచ్చినవాడు పరీక్షలో అదే పెట్టేస్తాడు.

కడప సంగతి మరో రకం. ఇంగ్లీషులో పేరు 'కడ్డప' అని రాసేవాళ్లు, 2005లో 'కడప' చేశారు. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు. అమితాబ్ మొదటి సీజన్ నాటి పుస్తకం, నాగార్జున మొదటి సీజన్ నాటి పుస్తకం పక్కపక్కన పెడితే ఒకే ఊరు రెండు ఊళ్లలా కనబడుతుంది.

ఇక ఆ పాత ముల్లు. 'ఆంధ్రప్రదేశ్ మొదటి రాజధాని ఏది?' అని అడిగితే మా కర్నూలు పిల్లలు ఛాతీ విరిచి 'కర్నూలు' అంటారు. తప్పు. 1953 అక్టోబర్ 1న ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం, దానికి రాజధాని కర్నూలు, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, రాజధాని హైదరాబాద్, మొదటి ముఖ్యమంత్రి మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. ఆయనే తర్వాత రాష్ట్రపతి, 1977 నుంచి 1982 దాకా. ఒక్క 'ప్రదేశ్' అన్న మాటతో జవాబు తిరగబడుతుంది. హాట్ సీట్‌లో ఇలాంటి ప్రశ్న వస్తే మూడేళ్ల రాజధాని మీద మమకారం 3,20,000 దగ్గరికి దించేస్తుంది.

ఆట ప్రత్యక్ష ప్రసారమా?

కాదు, ముందే రికార్డు చేస్తారు. అందుకే కోటి గెలిచిన వార్త ఆ భాగం ప్రసారం కాకముందే పేపర్లలో వచ్చేసింది. తెలిసినా జనం చూశారు. పెళ్లి ఎవరితో అవుతుందో తెలిసి కూడా పెళ్లికి పోతాం కదా.

పాత భాగాలు ఎక్కడ వెతకాలి?

జెమినివి సన్ నెక్స్ట్‌లో, స్టార్ మావి హాట్‌స్టార్‌లో వెతకండి. 2025 నుంచి దాని పేరు జియోహాట్‌స్టార్.

'మీకు 25 లక్షల లాటరీ తగిలింది' అని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

అబద్ధం. దొంగలు. కౌన్ బనేగా కరోడ్‌పతి పేరు, అమితాబ్ బొమ్మ పెట్టి ఏళ్ల తరబడి పంపుతున్నారు, పోలీసులు చెబుతూనే ఉన్నారు. ఈ ఆటలో లాటరీ అనేదే లేదు. కుర్చీలో కూర్చుని జవాబు చెబితేనే డబ్బు. 'ప్రాసెసింగ్ ఫీజు' అని ముందు మీ దగ్గర అడుగుతున్నారంటే అక్కడే తెలిసిపోవాలి. పన్ను అయినా బహుమతిలోంచి కోసుకుంటారు తప్ప, మీ జేబులోంచి ముందు కట్టించుకోరు. ఆ మెసేజ్‌ల్లో చాలావరకు నంబర్ ముందు +92 ఉంటుంది. అది మన దేశం నంబర్ కాదు. ఒకవేళ పంపేశారా, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి. మా పాత కస్టమర్ ఒకాయన పన్నెండు వేలు పంపాక నా దగ్గరికి వచ్చాడు. "కేబుల్ బిల్లుకు నన్ను మూడు నెలలు తిప్పావు, వాడికి మూడు నిమిషాల్లో పంపావా" అన్నా. అని, తర్వాత బాధపడ్డా.

ఫోన్ ఎ ఫ్రెండ్‌కు మీ నంబర్ ఇచ్చుకోవచ్చా, చాచా?

ఇచ్చుకోండి. జవాబు తెలియనప్పుడు తెలిసినవాళ్లకు ఫోన్ చేసి అడిగే లైఫ్‌లైన్ కదా అది. కానీ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇచ్చేది 30 సెకన్లే. 'హలో, బాగున్నారా' అన్నారో ఐదు పోయాయి. ప్రశ్న, నాలుగు జవాబులు చదివేసరికి పదిహేను. ప్రశ్న ఒక్కసారే చదివి నోరు మూసుకోండి, నన్ను మాట్లాడనివ్వండి. సినిమా ప్రశ్నైతే నాకు కాదు, మా ఆవిడకు ఇవ్వమనండి. క్రికెట్ అయితే ఎవరికీ ఇవ్వకండి, రెండు తప్పు జవాబులు తీసేసే 50-50 వాడుకోండి. కర్నూలు రాజధానిగా ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉందని అడిగితే మాత్రం 1953 అక్టోబర్ 1 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా. దానికి నాకు మూడు సెకన్లు చాలు, మిగతా టైములో మీ ఇంటి పాత బాకీ అడుగుతా.